సిమెంట్‌కు పేరు పెట్టిన తాపీమేస్త్రి

ఇంటికి తెచ్చిన సిమెంట్ బస్తా ఓపీసీ అయినా, పీపీసీ అయినా అందులో పోర్ట్‌లాండ్ అనే మాట ఉంటుంది. ఆ పేరు పెట్టింది ఇంజినీరూ కాదు, సైంటిస్టూ కాదు. ఇంగ్లండ్‌లో ఇటుకలు పేర్చి బతికిన జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీమేస్త్రి.

ఆయన 1778లో లీడ్స్ పట్టణంలో పుట్టారు. తండ్రి థామస్‌దీ తాపీ పనే. 1811లో మేరీ ఫోదర్‌బీతో పెళ్లయింది. 1817 నాటికి లీడ్స్‌లోనే సొంతంగా పనులు పట్టడం మొదలుపెట్టారు.

అప్పటికి కట్టుబడికి ప్రధాన ఆధారం సున్నమే. మన దగ్గర 1591లో చార్మినార్‌ను లేపింది కూడా సున్నపు గచ్చుతోనే. కాకపోతే మామూలు సున్నం గాలి తగిలి మెల్లగా గట్టిపడుతుంది. నీళ్లలో వేసే పునాదికి అది పనికిరాదు. బంకమట్టి కలిసిన సున్నపురాయిని కాలిస్తే వచ్చే సున్నం నీళ్లలో కూడా గట్టిపడుతుందని, ఆస్ప్‌డిన్ పుట్టకముందే జాన్ స్మీటన్ అనే ఇంజినీరు ఒక లైట్‌హౌస్ కట్టే పనిలో కనిపెట్టాడు. అలాంటి రాయి అన్నిచోట్లా దొరకదు కదా. మరి ఆ రెంటినీ మనమే కలిపి కాలిస్తే?

ఆస్ప్‌డిన్ చేసింది అదే. ఆ చుట్టుపక్కల రోడ్లకు సున్నపురాయే వేసేవారు. బండ్ల చక్రాల కింద నలిగిన ఆ రాతి పొడి ఆయనకు తేలికైన సరుకు. రోడ్డు రాళ్లే పెకలించుకుపోయాడని ఆయన మీద రెండుసార్లు కేసు కూడా అయిందంటారు. రాయిని కాల్చి, బంకమట్టితో నీళ్లలో కలిపి, ఆరబెట్టి, ముక్కలు చేసి మళ్లీ బట్టీలో కాల్చి, చివరికి పొడి కొట్టడం ఆయన పద్ధతి. దీనికి 1824 అక్టోబర్ 21న పేటెంట్ తీసుకున్నారు. గట్టిపడ్డాక పేరున్న పోర్ట్‌లాండ్ రాయిలా ఉంటుందని ఆ పేరే పెట్టారు. ఇప్పుడైతే దీన్ని బ్రాండింగ్ అంటారు. ఆ లెక్కన మేస్త్రి మంచి వ్యాపారే.

1825లో విలియం బెవర్లీ అనే భాగస్వామితో కలిసి వేక్‌ఫీల్డ్‌లో ఫ్యాక్టరీ పెట్టారు. 1838లో రైల్వే కోసం ఆ స్థలం పోతే, దగ్గర్లోనే మళ్లీ కట్టుకున్నారు. ఏది ఎంత కలపాలో, ఎంత వేడి పెట్టాలో పేటెంట్‌లో రాయలేదు. గుట్టంతా ఇంట్లోనే ఉంచుకున్నారు.

అసలు చిక్కు వేడి దగ్గరే ఉంది. ఈ రోజు ఫ్యాక్టరీల్లో సున్నపురాయి, బంకమట్టి పొడిని సుమారు 1450 డిగ్రీల దాకా కాలుస్తారు. అప్పుడు అది సగం కరిగి, క్లింకర్ అనే గట్టి ఉండలుగా మారుతుంది. అందులో కొంచెం జిప్సం వేసి మెత్తగా రుబ్బితే సిమెంట్. జిప్సం లేకపోతే నీళ్లు పోయగానే బిగుసుకుపోయి మేస్త్రి చేతికి టైం ఇవ్వదు. ఆస్ప్‌డిన్ బట్టీకి అంత వేడి లేదు. ఆయన తయారుచేసింది ఒక రకం మంచి సున్నమే తప్ప ఇప్పటి సిమెంట్ కాదు.

ఆ తేడా తెచ్చింది చిన్నకొడుకు విలియం. 1841లో తండ్రితో చెడి వెళ్లిపోయాడు. కొడుకు ఇకమీద తమ దగ్గర పనిచేయడం లేదని, అతని అప్పులతో తమకు సంబంధం లేదని తండ్రి ప్రకటన ఇచ్చారు. ఎంత బాధపడితే ఒక తండ్రి ఆ పని చేస్తాడు! విలియం లండన్ దగ్గర రోథర్‌హైత్‌లో సొంత ఫ్యాక్టరీ పెట్టాడు. సున్నం పాలు పెంచి, వేడి బాగా పెంచి కాల్చాడు. సరుకు తండ్రిదానికంటే చాలా గట్టిగా వచ్చింది. అమ్మేటప్పుడు మాత్రం తండ్రి పేటెంట్ పేరే వాడుకున్నాడు. ఇంత తెలివి ఉన్నవాడికి డబ్బు లెక్క మాత్రం కుదరలేదు, ఎక్కడ వ్యాపారం పెట్టినా అప్పులే.

జోసెఫ్ 1844లో పని నుంచి తప్పుకుని వేక్‌ఫీల్డ్ ఫ్యాక్టరీని పెద్దకొడుకు జేమ్స్‌కు అప్పగించారు. 1855 మార్చి 20న అదే ఊళ్లో కన్నుమూశారు. విలియం జర్మనీ వెళ్లి అక్కడా సిమెంట్ పనే చేసి, 1864లో అక్కడే చనిపోయాడు.