ఫిడేలు నాయుడుగారు – వినడమనే విద్య

గతించిన మహావిద్వాంసుని కచేరీని ఎదుట కూర్చుండి వినే భాగ్యం మనకు లేదు. ఆయన నాదాన్ని మనం ఎరుగగల మార్గం ఆయన మిగిల్చిపోయిన రికార్డులే. అయితే రికార్డును వినడం వేరు, దానిని బట్టి తీర్పు చెప్పడం వేరు. ఈ భేదాన్ని గ్రహించడానికి, ఆంధ్రులు ఫిడేలు నాయుడుగారని అభిమానంతో పిలుచుకున్న ద్వారం వెంకటస్వామినాయుడుగారి జీవితం మాకు చక్కని పాఠంగా తోచింది.

నాయుడుగారు 1893 నవంబరు 8న బెంగుళూరులో జన్మించి విశాఖపట్టణంలో పెరిగారు. అన్నగారైన వెంకటకృష్ణయ్యగారి వద్ద వాయులీనం అభ్యసించారు. చూపు మందమైనందున చెవియే ఆయనకు పెద్ద ఆధారమైంది. 1919లో విజయనగరం మహారాజావారి సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరబోగా, ఆయన వాదనం విన్న ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు ఆయనను ఆచార్యునిగానే నియమించారని ప్రసిద్ధి. దాసుగారు పట్టా అడుగలేదు; నాదాన్ని విని తీర్పు చెప్పారు. 1936లో నాయుడుగారే ఆ కళాశాలకు ప్రిన్సిపాలయ్యారు.

గాత్రానికి పక్కవాద్యంగా నిలిచిన వాయులీనంతో ఆయన 1938లో వేలూరులో ఏకవాద్య కచేరీ చేశారు. దీర్ఘమైన కమాను, నిండైన నాదం ఆయన బాణీకి గుర్తులు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ బిరుదులు ఆయనను వరించాయి.

1952లో పాశ్చాత్య వాయులీన విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ భారతదేశానికి వచ్చి, మద్రాసులో న్యాయమూర్తి రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాదనం విన్నారు. ఈ మెనూహిన్ 1932లో, పదహారేండ్ల ప్రాయంలో, ఎల్గార్ రచించిన వాయులీన కన్సర్టోను ఆ రచయిత నిర్వహణలోనే లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డు చేసినవారు. సంప్రదాయాలు వేరైనా, ఆ ఇంట వారిద్దరినీ కలిపింది వాయులీనమే.

ఇక రికార్డుల సంగతి. ఆనాటి 78 వేగపు పలకకు ఒక్కొక్క పక్క మూడు నాలుగు నిమిషాలే పట్టేది. గంటసేపు విస్తరింపదగిన రాగాన్ని నాయుడుగారు ఆ ఇరుకులోనే ఇమడ్చవలసి వచ్చింది. ఎల్గార్ కన్సర్టో సుమారు యాభై నిమిషాలది. దానిని అనేక ముక్కలుగా విడదీయక తప్పలేదు. కనుక అటువంటి పలకను విని శ్రుతిశుద్ధిని, కమాను నిలకడను, గమకాల స్పష్టతను నిర్ణయించవచ్చు గాని, మనోధర్మ విస్తృతి కొలతకు రాదు. 1925లో విద్యుత్ పద్ధతి రాకపూర్వం మందర స్వరపు తంత్రీవాద్యాలు కొమ్ములో సరిగా పట్టుబడక, వాటికి బదులు ట్యూబాను వాడిన సందర్భాలు కూడ ఉన్నాయి. అది యంత్రలోపమే గాని ఆర్కెస్ట్రా నిర్వాహకుని లోపం కాదు.

బీథోవెన్ వాయులీన కన్సర్టోను మెనూహిన్, నిర్వాహకుడు ఫర్ట్‌వెంగ్లర్‌తో 1947లో ఒకసారి, 1953లో మరొకసారి రికార్డు చేశారు. కృతి ఒక్కటే, వాదకుడు ఒక్కడే, నిర్వాహకుడు ఒక్కడే. ఆర్కెస్ట్రాలు మాత్రం వేరు. రెంటినీ పక్కపక్కన విన్నవారికి కాలప్రమాణంలోను, వాద్యాల సమతూకంలోను భేదాలు వాటంతట అవే బోధపడతాయి.

నాయుడుగారు 1964 నవంబరు 25న కీర్తిశేషులైనారు. నేడు ఆయన రికార్డులు, ఐరోపా ఆర్కెస్ట్రాల రికార్డులు మన చేతిలోని ఫోనులోనే లభిస్తున్నాయి. జంగారెడ్డిగూడెం వంటి ఊరిలో ఆర్కెస్ట్రాను ఎదుట కూర్చుండి వినే అవకాశం అరుదు గనుక ఇది మనకు గొప్ప వరం. అయితే వరం దొరికినంత మాత్రాన తీర్పు చెప్పే అర్హత రాదు. పరిచయం లేని సంగీతాన్ని ఒక్కసారి విని గోల అని తోసివేయక, ఒకసారి ప్రధాన వాదకుని కొరకు, ఒకసారి తక్కిన వాద్యాల కొరకు, మరొకసారి యంత్రం ఏమి మింగివేసినదో తెలుసుకొనుట కొరకు వినవలెనని మన విద్యార్థులను కోరుతున్నాము. ఆ ఓర్పు అలవడిన చెవి సంగీతానికే గాక సాటి మనిషికి కూడ న్యాయం చేస్తుందని మా విశ్వాసం.