స్వేచ్ఛాన్వేషి ఎం.ఎన్. రాయ్

ఒక దేశం మరొక దేశాన్ని ఎందుకు లోబరచుకొంటుంది? పరపాలన నుండి విముక్తి పొందడానికి పాలితులు ఎవరిని నమ్మాలి? ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో ప్రపంచ మేధావులను కలవరపరచిన ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడంలోనే జీవితాన్ని వెచ్చించిన భారతీయుడు మానవేంద్రనాథ్ రాయ్.

ఆయన అసలు పేరు నరేంద్రనాథ భట్టాచార్య. 1887లో వంగదేశంలోని అర్బేలియా గ్రామంలో జన్మించాడు. తండ్రి సంస్కృతోపాధ్యాయుడు. విద్యార్థిదశలోనే నరేంద్రుడు విప్లవకారుల రహస్యసంఘాలలో చేరి, బాఘా జతీన్‌కు ప్రియశిష్యుడయ్యాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీ నుండి ఆయుధాలు సంపాదించే బాధ్యతను స్వీకరించి, 1915లో జావాద్వీపానికి వెళ్లాడు. ఆ ప్రయత్నం ఫలించలేదు. అదే సంవత్సరం బాలాసోర్ వద్ద పోలీసులతో పోరాడి జతీన్ అసువులు బాశాడు.

నరేంద్రుడు తూర్పుదేశాలన్నీ తిరిగి, 1916లో అమెరికా చేరుకొన్నాడు. అక్కడ పోలీసుల కన్నుగప్పడానికి పెట్టుకొన్న పేరే మానవేంద్రనాథ్ రాయ్. న్యూయార్కులో కార్ల్ మార్క్స్ రచనలను చదివాడు. తుపాకులు మాత్రమే దేశానికి స్వేచ్ఛను తేలేవన్న నమ్మకం ఆయనలో క్రమంగా సడలింది. 1917లో మెక్సికో చేరి, అక్కడి సోషలిస్టులతో కలసి పనిచేశాడు. 1919లో ఆ పార్టీ కమ్యూనిస్టు పార్టీగా రూపొందడంలో ప్రముఖపాత్ర వహించాడు.

1920లో మాస్కోలో జరిగిన కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ రెండవ మహాసభ రాయ్ జీవితంలో మహత్తర ఘట్టం. పెట్టుబడిదారీ దేశాలలో పోగుపడిన ధనం లాభాలకోసం ఇతరదేశాలకు ప్రవహిస్తుందనీ, వలసల పంపకంలో తలెత్తే పోటీయే యుద్ధాలకు మూలమనీ లెనిన్ అంతకు మునుపే సిద్ధాంతీకరించాడు. వలసదేశాలలోని జాతీయోద్యమాలకు సంపన్నవర్గాలు నాయకత్వం వహిస్తున్నా, కమ్యూనిస్టులు వాటిని బలపరచాలని ఆయన ప్రతిపాదించాడు. రాయ్ అందుకు పూర్తిగా సమ్మతించలేదు. సంపన్నవర్గాలు తమ ప్రయోజనాలకోసం ఏనాడైనా పాలకులతో రాజీపడగలవనీ, కార్మికులూ కర్షకులూ స్వతంత్రంగా సంఘటితం కావాలనీ వాదించాడు. వలసల నుండి లభించే లాభాలే ఐరోపా పెట్టుబడిదారీ వ్యవస్థను నిలబెడుతున్నాయని కూడ వివరించాడు.

అప్పటికి రాయ్ వయస్సు 33 సంవత్సరాలు. అయినా లెనిన్ ఆ భిన్నాభిప్రాయాన్ని తృణీకరించక, దానిని ప్రత్యేకంగా రాసి ఇమ్మని కోరాడు. చర్చలో ఇద్దరి ప్రతిపాదనలకూ సవరణలు జరిగాయి. తుదకు మహాసభ రెండింటినీ ఆమోదించింది.

ఆ ఏడాదే తాష్కెంటులో ప్రవాస భారతీయులతో కమ్యూనిస్టు పార్టీని స్థాపించాడు. 1927లో ఇంటర్నేషనల్ ప్రతినిధిగా చైనాకు వెళ్లాడు. స్టాలిన్ పంపిన రహస్య సందేశాన్ని అక్కడి జాతీయవాద నాయకుడు వాంగ్ జింగ్‌వేకి చూపించాడు. విశ్వాసం కలిగించాలన్న ఆ చర్య చీలికను త్వరపరచింది. 1929లో ఇంటర్నేషనల్ ఆయనను బహిష్కరించింది.

1930లో మారుపేరుతో స్వదేశానికి తిరిగివచ్చిన రాయ్ మరుసటి ఏడాది బొంబాయిలో అరెస్టయ్యాడు. కాన్పూరు కుట్రకేసులో విధించిన శిక్షను అనుభవించి, 1936లో విడుదలయ్యాడు. ఆరోగ్యం క్షీణించినా, చెరసాలలో తొమ్మిది సంపుటాల రచన చేశాడు.

రెండవ ప్రపంచయుద్ధం ఆరంభం కాగానే ఆయన మరొకమారు ఒంటరివాడయ్యాడు. ఫాసిజం ఓడితేనే ప్రపంచానికి మేలనీ, ఆ యుద్ధంలో గెలిచినా బ్రిటిష్ సామ్రాజ్యం బలహీనపడి భారతదేశాన్ని విడువక తప్పదనీ భావించి, మిత్రరాజ్యాలను సమర్థించాడు. జనం ఆయనను ప్రభుత్వ పక్షపాతిగా నిందించారు. ఆయన స్థాపించిన రాడికల్ డెమొక్రటిక్ పార్టీ 1946 ఎన్నికలలో పరాజయం పొందింది. మరుసటి ఏడాదే ఆంగ్లేయులు దేశాన్ని విడిచి వెళ్లారు.

1948లో రాయ్ తన పార్టీని తానే రద్దుచేశాడు. వర్గంకన్న, జాతికన్న వ్యక్తి స్వేచ్ఛయే పరమవిలువ అని చాటే నవ్యమానవవాదాన్ని ప్రచారం చేశాడు. తెలుగునాట అబ్బూరి రామకృష్ణారావు, త్రిపురనేని గోపీచంద్ వంటి సాహితీవేత్తలు ఆయన భావాలకు ఆకర్షితులయ్యారు. 1954 జనవరిలో డెహ్రాడూన్‌లో రాయ్ కన్నుమూశాడు.

ఆయన నిర్ణయాలన్నీ సరియైనవి కావు. అయితే పదవికోసమో ప్రశంసకోసమో ఆయన అభిప్రాయాన్ని మార్చుకోలేదు. సత్యమని తోచినదానిని లెనిన్ ఎదుటనైనా, జనాగ్రహం ఎదుటనైనా నిర్భయంగా పలికాడు. పొరపాటని తెలిసినదానిని విడువడానికి వెనుదీయలేదు. రాయ్ జీవితం నుండి యువత గ్రహించవలసినది ఆ నిజాయితీయే.