తలవంచని జనరల్

మా ఊరి నుంచి ఎదుర్లంక వంతెన దాటితే యానాం. మా తాతగారి ఈడు వాళ్ళు దాన్ని ఇప్పటికీ ఫ్రెంచి యానాం అనే అంటారు. 1954 జూన్ దాకా అక్కడ ఎగిరింది ఫ్రాన్సు జెండాయే మరి. పారిస్ నగరం హిట్లర్ సైన్యాల బూట్ల కింద నలుగుతున్న 1940 సెప్టెంబరులో, పాండిచ్చేరిలోని ఫ్రెంచి గవర్నరు బోన్వాఁ తన ఏలుబడిలోని ఊళ్ళన్నీ లండన్‌లో తలదాచుకున్న ఒక సైన్యాధికారి పక్షమని ప్రకటించాడు. అంటే పారిస్ కన్నా దాదాపు నాలుగేళ్ళు ముందే మన గోదావరి ఒడ్డున ఉన్న యానాం స్వేచ్ఛా ఫ్రాన్సులో చేరిపోయిందన్నమాట! ఆ సైన్యాధికారే చార్లెస్ డిగాల్.

బి.ఎస్సీ. చదివేవాడికి ఫ్రెంచి జనరల్‌తో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. నన్ను ఆకర్షించింది ఆయన చేసిన యుద్ధం కాదు, ఆయనకీ అమెరికాకీ మధ్య ముప్ఫై ఏళ్ళు నడిచిన పేచీ. ఫ్రాన్సు, అమెరికా ఒకదానిపై ఒకటి యుద్ధం ప్రకటించుకున్న చరిత్ర లేదు. పైగా ఒకరినొకరు ఆదుకున్నవాళ్ళు. 1778లో ఫ్రాన్సు సంధి చేసుకుని సైన్యాన్నీ, నౌకలనీ, ధనాన్నీ పంపకపోతే, 1781లో యార్క్‌టౌన్ దగ్గర ఆంగ్లేయులు అంత తేలిగ్గా లొంగేవారు కారు. 1917లోనూ 1944లోనూ అమెరికా కుర్రాళ్ళు సముద్రం దాటి వచ్చి ఫ్రాన్సు నేల మీద ప్రాణాలు విడిచారు. ఇంత చేసుకున్నవాళ్ళ మధ్య ఆ చిరచిర ఎందుకు?

మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. వరదొచ్చి నారు కొట్టుకుపోయిన ఏడు పొరుగు రైతు ఒకాయన మాకు విత్తనాలు అప్పిచ్చాడు. పంట చేతికొచ్చాక నాన్న ఆ అప్పు తీర్చేశాడు. కానీ రచ్చబండ దగ్గర పదిమందిలో ఆయన ఆ మాట ఎత్తినప్పుడల్లా నాన్నకి ఆ పూట అన్నం సహించేది కాదు. ఇచ్చినాయన చెడ్డవాడేం కాదు. ఆయనే లేకపోతే ఆ ఏడు మా చేను బీడు. అయినా ఆ మంట మంటే. డిగాల్ జీవితం చదువుతుంటే నాకు నాన్న ముఖమే గుర్తొచ్చింది.

డిగాల్ 1890 నవంబరు 22న ఉత్తర ఫ్రాన్సులోని లిల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి ఉపాధ్యాయుడు. 1870-71లో ప్రష్యా చేతిలో ఫ్రాన్సు ఓడిన యుద్ధంలో పోరాడి గాయపడ్డవాడు. ఆ ఓటమి అవమానాన్ని కథలుగా వింటూ పెరిగిన కుర్రవాడు సాన్-సీర్ సైనిక పాఠశాలలో చేరాడు. మనిషి ఆరడుగుల ఐదంగుళాలు. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడి, 1916లో వెర్దూన్ దగ్గర జర్మన్లకు పట్టుబడి, రెండున్నరేళ్ళకు పైగా ఖైదులో గడిపాడు. ఐదుసార్లు తప్పించుకోబోయి ఐదుసార్లూ దొరికిపోయాడు. ఓటమిని ఒప్పుకోని ఆ మొండితనమే తర్వాత ఆయన్ని చరిత్రకెక్కించింది.

1940 మే, జూన్ నెలల్లో ఫ్రాన్సు ఆరు వారాల్లో కుప్పకూలింది. వృద్ధ సేనాని పెతాఁ హిట్లర్‌తో రాజీకి సిద్ధపడ్డాడు. అప్పటికి పదిరోజులుగా మాత్రమే ఉపమంత్రిగా ఉన్న డిగాల్ జూన్ 17న చిన్న విమానంలో లండన్ చేరి, మర్నాడు బి.బి.సి. రేడియోలో పోరాటం ఆగలేదని తన దేశస్థులకు పిలుపునిచ్చాడు. ఆ రోజున ఆయన వెనక సైన్యం లేదు, ఖజానా లేదు, ఎన్నుకున్న ప్రజలూ లేరు. ఆగస్టులో పెతాఁ ప్రభుత్వపు సైనిక న్యాయస్థానం ఆయనకు మరణశిక్ష కూడా విధించింది. తినే తిండి, మాట్లాడే రేడియో, ఎక్కే ఓడ అన్నీ చర్చిల్ ఇచ్చినవే. అటువంటి స్థితిలో ఉన్నవాడు ఎవరైనా తగ్గి ఉంటాడు. డిగాల్ లెక్క తిరగబడ్డ లెక్క. చేతిలో ఏమీ లేనివాడు వంగితే మరి లేవడం ఉండదని ఆయన నమ్మకం.

అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్‌కు ఈ ధోరణి గిట్టలేదు. ఆయన పక్షాన కూడా న్యాయం ఉందని ఒప్పుకోవాలి. ఈ మనిషిని ఎవరు ఎన్నుకున్నారు, రేపు నియంత కాడని ఏమిటి నమ్మకం అన్నది ఆయన సందేహం. పెతాఁ ప్రభుత్వంతో మాటలు తెగకుండా ఉంచుకుంటే ఫ్రెంచి నౌకాదళం హిట్లర్ చేతికి పోకుండా ఆపవచ్చన్నది ఆయన ఆశ. అందుకే అమెరికా రాయబారి విషీలో పెతాఁ దగ్గరే ఉన్నాడు. 1941 డిసెంబరులో కెనడా పక్కనున్న సెయింట్ పియర్, మికెలాన్ అనే చిన్న ఫ్రెంచి దీవుల్ని డిగాల్ మనుషులు పట్టుకుంటే, అంత పెద్ద యుద్ధం మధ్యలో వాషింగ్టన్ ఆ చిన్న దీవుల మీద మండిపడింది. 1942 నవంబరులో అమెరికా సేనలు ఉత్తర ఆఫ్రికాలోని ఫ్రెంచి భూభాగాల్లో దిగినప్పుడు డిగాల్‌కు ముందుగా కబురే లేదు. అక్కడ పెతాఁ మనిషి దార్లాఁతో ఒప్పందం చేసుకుని, అతను హత్యకు గురయ్యాక జనరల్ జీరోని పైకి తెచ్చారు. 1943 జనవరిలో కాసాబ్లాంకాలో ఫొటోల కోసం డిగాల్, జీరోలచేత చేతులు కలిపించారు. ఫ్రాన్సు పాలనలోని గడ్డ మీద అమెరికా సిపాయిల కాపలా దాటుకుని తాను బసకు వెళ్ళవలసి రావడం డిగాల్ ఎన్నటికీ మరిచిపోలేదు. ఇక రూజ్వెల్ట్, ఈయన తనని తాను జోన్ ఆఫ్ ఆర్క్ అనుకుంటున్నాడని నలుగురిలో నవ్వుకునేవాడు. ఆ నవ్వూ డిగాల్ చెవిన పడింది.

1944 జూన్‌లో నార్మండీ తీరంలో సేనలు దిగే సంగతి డిగాల్‌కు రెండు రోజుల ముందే చెప్పారు. సొంత ఇంటి తలుపు ఎప్పుడు పగలగొడతారో ఇంటాయనకు చివర్లో చెప్పినట్టుంది కదూ! విడిపించిన ఊళ్ళలో చలామణీకి అమెరికాలో అచ్చువేసిన ఫ్రాంకు నోట్లు కూడా సైనికుల వెంట వచ్చాయి. డిగాల్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. నోటు మీద అధికారం ఎవరిదో దేశం మీద అధికారం వారిదే అన్నది ఆయనకి తెలుసు. జూన్ 14న తీరంలో దిగి, బాయో పట్టణంలో ప్రజల మధ్య నడిచి, తన ప్రతినిధిని అక్కడ పాలకుడిగా కూర్చోబెట్టి వచ్చాడు. పరాయి సైనిక పాలనకు చోటే మిగల్లేదు.

ఆగస్టు 25న పారిస్ విముక్తమైంది. ఆ సాయంత్రం డిగాల్ చేసిన ప్రసంగంలో పారిస్ తన్ను తాను విడిపించుకుందన్న మాటే మారుమోగింది. ఫ్రెంచి సేనాని లెక్లెర్ దళమే ముందు నగరంలో ప్రవేశించిన మాట నిజం. కాని ఆ దళం ఎక్కివచ్చిన టాంకులు అమెరికావి, దానికి తోడుగా వచ్చింది అమెరికా నాలుగో పదాతి డివిజన్. నార్మండీలో కొల్‌విల్ దగ్గరున్న ఒక్క శ్మశానంలోనే తొమ్మిదివేలకు పైగా అమెరికన్ల సమాధులు ఉన్నాయి. ఆ తల్లిదండ్రుల చెవికి ఆ ప్రసంగం ఎలా తగిలి ఉంటుంది? నాలుగేళ్ళు తలదించుకున్న ప్రజల్ని లేపి నిలబెట్టాలంటే, లేచింది మీరే అని చెప్పక తప్పదని డిగాల్ అనుకున్నాడు. నాకు ఇద్దరి బాధా అర్థమవుతూనే ఉంది. ఈ పేచీ అంతా అక్కడే ఉంది.

అమెరికా ఆయన ప్రభుత్వాన్ని గుర్తించింది 1944 అక్టోబరు 23న మాత్రమే. 1945 ఫిబ్రవరిలో యాల్టా సమావేశానికి పిలవలేదు. తిరుగుదారిలో ఆల్జీర్సులో కలుద్దామని రూజ్వెల్ట్ కబురంపితే డిగాల్ రానన్నాడు. ఫ్రాన్సు గడ్డమీదికే ఒక విదేశీ అధ్యక్షుడు తనని పిలవడమేమిటని! ఆ జవాబుకి అమెరికాలో చాలామంది నొచ్చుకున్నారు.

1946 జనవరిలో పార్టీల కీచులాటలు భరించలేక పదవి వదిలి పల్లెకు పోయాడు. పన్నెండేళ్ళ తర్వాత, అల్జీరియా యుద్ధం ఫ్రాన్సుని చీల్చేస్తున్న 1958లో మళ్ళీ వచ్చాడు. ఈ మధ్యలో మార్షల్ పథకం కింద అమెరికా ఫ్రాన్సుకి సుమారు 230 కోట్ల డాలర్లు ఇచ్చింది. 1956 సూయజ్ గొడవలో ఒత్తిడి తెచ్చి ఫ్రెంచి సేనల్ని వెనక్కి పంపించింది కూడా అమెరికాయే. మరొకరి గొడుగు కింద ఉన్నంతకాలం వాన ఎప్పుడు తడుపుతుందో మన చేతిలో ఉండదని డిగాల్ తేల్చుకున్నాడు. 1960 ఫిబ్రవరి 13న సహారాలోని రెగాన్ దగ్గర ఫ్రాన్సు మొదటి అణుబాంబు పేలింది. విజ్ఞానశాస్త్రం చదివేవాడిగా ఇక్కడ నాకు మనసొప్పదు. ఫ్రాన్సు గౌరవం కోసం పేల్చిన ఆ బాంబు ధూళి పడింది అల్జీరియా ప్రజల నేల మీద.

అయితే 1962 అక్టోబరులో క్యూబాలో రష్యా క్షిపణులు బయటపడినప్పుడు ఏం జరిగిందో చూడండి. కెన్నెడీ దూతగా డీన్ అచెసన్ రుజువుల ఫొటోలు పట్టుకుని పారిస్ వచ్చాడు. డిగాల్ ముందు ఆ ఫొటోలు చూడనేలేదు. అమెరికా వంటి దేశం మాట ఇస్తే సాక్ష్యం అక్కర్లేదని, ఫ్రాన్సు వెంట ఉంటుందని తేల్చి చెప్పి, ఆ తర్వాతే కుతూహలం కొద్దీ ఫొటోలు అందుకున్నాడు. ఆపద గడిచాక మళ్ళీ మామూలే. 1964లో కమ్యూనిస్టు చైనాని గుర్తించాడు. 1965 ఫిబ్రవరిలో డాలరు పెత్తనం మీద ధ్వజమెత్తాడు. అప్పటి ఏర్పాటు ప్రకారం 35 డాలర్లకు ఒక ఔన్సు బంగారం ఇస్తానని అమెరికా మాట. సరే ఇయ్యి అని ఫ్రాన్సు తన డాలర్లకు బంగారం పట్టుకుపోయింది. 1971 ఆగస్టులో నిక్సన్ ఆ మాటను వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

1966 మార్చిలో జాన్సన్‌కు ఉత్తరం రాసి నాటో సైనిక నాయకత్వం నుంచి ఫ్రాన్సు తప్పుకుంది. 1967 ఏప్రిల్ 1 లోగా విదేశీ సైన్యాలు ఫ్రాన్సు ఖాళీ చెయ్యాలన్నాడు. మరి ఇక్కడ పాతిపెట్టిన మా సైనికులని కూడా తీసుకుపోవాలా అని తాను అడిగినట్టు అమెరికా విదేశాంగమంత్రి డీన్ రస్క్ తర్వాత చెప్పుకున్నాడు. ఆ ప్రశ్నకు జవాబు లేదు. కాని డిగాల్ కూటమిని వదలలేదు, సైనిక పెత్తనాన్ని మాత్రమే వదిలాడు.

ఇంతటివాడిలోనూ ఒక గుడ్డిచోటు ఉంది. తన దేశపు మానం గురించి అంతగా మండిపోయినవాడు, తన దేశం ఏలుతున్న జనాల మానాన్ని చాలాకాలం చూడలేకపోయాడు. 1945 మేలో, ఆయన ప్రభుత్వం ఉండగానే, అల్జీరియాలోని సెతీఫ్ ప్రాంతంలో వేలమందిని చంపేశారు. యానాం స్వేచ్ఛా ఫ్రాన్సులో ఉందన్నామే, మరి ఆ స్వేచ్ఛ యానాం వాళ్ళకి ఉందా? చివరికి ఆయనే 1962లో అల్జీరియా స్వాతంత్ర్యాన్ని ఒప్పుకున్నాడు. యానాంతో సహా మన దేశంలోని ఫ్రెంచి ప్రాంతాలు చట్టరీత్యా భారతదేశానికి దఖలుపడింది కూడా ఆ ఏడు ఆగస్టులోనే. నేర్చుకున్నాడు, కాని ఆలస్యంగా నేర్చుకున్నాడు.

1969 మార్చి చివర ఐసెన్‌హోవర్ చనిపోతే, 78 ఏళ్ళ డిగాల్ యూనిఫారం వేసుకుని వాషింగ్టన్ వెళ్ళి శవపేటిక ముందు సెల్యూట్ చేశాడు. నెల తిరగకుండానే ప్రజాభిప్రాయ సేకరణలో ఓడి, మర్నాడే పదవి వదిలేశాడు. 1970 నవంబరు 9న కొలొంబే గ్రామంలో కన్నుమూశాడు. ఆర్భాటాలు వద్దని ముందే రాసిపెట్టుకున్న ప్రకారం, అక్కడే, 1948లో పోయిన కూతురు ఆన్ పక్కన సమాధి చేశారు. పారిస్‌లో జరిగిన ప్రార్థనలకు నిక్సన్ స్వయంగా వచ్చాడు.

పేచీ ఆయనతో పోలేదు. 2003లో ఇరాక్ యుద్ధాన్ని ఫ్రాన్సు వ్యతిరేకిస్తే, అమెరికా ప్రతినిధుల సభ కాంటీన్లలో ఫ్రెంచి ఫ్రైస్ అన్న పేరే మార్చేశారు! 2009లో ఫ్రాన్సు మళ్ళీ నాటో సైనిక నాయకత్వంలో చేరింది.

ఇది ఎవరో దొరల గొడవ అనుకోవద్దు. 1965-66 కరువులో మన దేశమూ అమెరికా గోధుమల ఓడల కోసం ఎదురుచూసింది. వ్యవసాయ విధానం మార్చుకోవాలన్న ఒత్తిడికి వియత్నాం మీద మన విమర్శల పట్ల చిరాకు తోడై, జాన్సన్ ఆ ఓడల్ని బిగబట్టి బిగబట్టి వదిలాడు. మనవాళ్ళు ఆ గోధుమలూ తిన్నారు, ఆ అవమానమూ మింగారు. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం తెచ్చి నాటుకున్నారు. తిండిగింజకి బదులు విత్తనం అడగడంలోనే ఉంది రోషమంతా.

సాయం పుచ్చుకోవడం తప్పు కాదు, మరిచిపోవడం తప్పు. కాని గుర్తుపెట్టుకోవడం అంటే చెప్పినట్టల్లా ఆడటం కాదు. ఉపకార వేతనాల మీద చదువుకుంటున్న నాబోటి వాళ్ళం ఈ రెంటికీ తేడా తెలుసుకోవాలి. విత్తనాలిచ్చిన ఆ పొరుగాయన గడ్డివాము ఒక రాత్రి అంటుకుంటే, బిందె పట్టుకుని అందరికన్నా ముందు పరుగెత్తింది మా నాన్నే. మర్నాడు రచ్చబండ దగ్గర మాత్రం ఆయన పక్కన కూర్చోలేదు.