గెలవక ముందు పిరికివాడు, గెలిచాక మృగం

జాక్ జాన్సన్ 1878లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, గాల్వెస్టన్ రేవు పట్టణంలో పుట్టాడు. తల్లిదండ్రులిద్దరూ ఒకప్పుడు బానిసలు. రేవులో కూలి పని చేసిన ఆ కుర్రాడు బాక్సింగ్‌లోకి వచ్చేసరికే నల్లజాతి బాక్సర్ల గురించి తెల్ల పత్రికలు ఒక తీర్పు ఇచ్చేసి ఉన్నాయి. వాళ్లు పిరికివాళ్లట, సోమరులట, కడుపులో గట్టిగా గుద్దితే కూలిపోతారట. మరి అంత సులువుగా కూలిపోయేవాళ్లతో తెల్ల చాంపియన్లు ఎందుకు తలపడలేదు? జేమ్స్ జెఫ్రీస్ నల్లవాళ్లకు హెవీవెయిట్ టైటిల్ పోటీ ఇవ్వనని చెప్పి, 1905లో ఓటమి లేకుండానే రిటైరైపోయాడు.

జాన్సన్ ఆట తీరు గురించి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. అతను మీద పడి కొట్టేవాడు కాదు. ఎదుటివాడి దెబ్బను గ్లవ్‌తో ఆపుతూ, వెనక్కి వాలి తప్పించుకుంటూ, అతను అలసిపోయేదాకా ఆగి అప్పుడు కొట్టేవాడు. అతనికి ముందు జేమ్స్ కార్బెట్ అనే తెల్ల చాంపియన్ కూడా ఇలాగే ఒడుపుతో ఆడితే పత్రికలు మేధావి అని పొగిడాయి. జాన్సన్ ఆడితే బద్ధకం, జిత్తులమారితనం అన్నాయి. ఒకే విద్యకు పుట్టుకను బట్టి రెండు పేర్లు పెట్టడం మనకేమీ కొత్త కాదు.

1908 డిసెంబర్ 26న సిడ్నీలో టామీ బర్న్స్‌తో పోటీ జరిగింది. బర్న్స్‌కు 30,000 డాలర్లు, జాన్సన్‌కు 5,000. పద్నాలుగో రౌండ్‌లో పోలీసులు పోటీ ఆపించారు. తెల్ల చాంపియన్ ఓడిపోవడం తెరమీద కనపడకుండా కెమెరాలూ ఆగిపోయాయి. అలా జాన్సన్ తొలి నల్లజాతి హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. పోటీని చూసి రాసిన నవలాకారుడు జాక్ లండన్, జెఫ్రీస్ తిరిగొచ్చి జాన్సన్ ముఖంలో ఆ నవ్వు చెరిపేయాలని పిలుపునిచ్చాడు. లండన్ సోషలిస్టు కూడా!

జెఫ్రీస్ వచ్చాడు. 1910 జూలై 4న రీనోలో పదిహేనో రౌండ్‌లో ఓడిపోయాడు. ఆ రాత్రి అనేక నగరాల్లో తెల్ల గుంపులు నల్లవాళ్ల మీద పడ్డాయి, ప్రాణాలు పోయాయి. లాస్ ఏంజిలెస్ టైమ్స్ దాడులు చేసినవాళ్లను వదిలేసి, ఈ గెలుపు చూసి తలెత్తుకోవద్దని నల్లవాళ్లకే బుద్ధులు చెప్పింది. పిరికివాడన్న మాట ఇక చెల్లదు కనుక కార్టూనిస్టులు అతన్ని కోతిలా గీశారు. అతని ఖరీదైన కార్లు, సూట్లు, బంగారు పన్ను, తెల్ల భార్య అన్నీ నేరాలే అయ్యాయి. నగరాలు ఆ పోటీ సినిమాను నిషేధించాయి. 1912లో అమెరికన్ కాంగ్రెస్ బాక్సింగ్ సినిమాలను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పంపకూడదని చట్టమే చేసింది.

తర్వాత కేసు పెట్టారు. తెల్ల మహిళను రాష్ట్రం దాటించాడన్న ఆరోపణపై 1913లో అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ అతన్ని దోషిగా తేల్చింది. అతను దేశం విడిచి వెళ్లాడు. 1915లో హవానాలో జెస్ విల్లర్డ్ చేతిలో టైటిల్ పోగొట్టుకున్నాడు. 1920లో తిరిగొచ్చి జైలు శిక్ష అనుభవించాడు. 1946లో నార్త్ కరోలినాలో కారు ప్రమాదంలో చనిపోయాడు. 2018లో అధ్యక్షుడి క్షమాభిక్ష వచ్చింది.

జనం చూడకూడదని అప్పట్లో నిషేధించిన రీనో పోటీ సినిమాను, 2005లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచాల్సిన జాతీయ చిత్రాల జాబితాలో చేర్చింది.