బీ అమ్మ: బిడ్డలు జైల్లో ఉంటే ఊరూరా తిరిగిన తల్లి

ఆబాదీ బానో బేగం అంటే ఈ కాలం వాళ్ళకు వెంటనే గుర్తు రాకపోవచ్చు. బీ అమ్మ అంటే మాత్రం మన పెద్దవాళ్ళు ఇట్టే చెప్పేస్తారు. అలీ సోదరులుగా పేరుపడ్డ మౌలానా షౌకత్ అలీ, మౌలానా మహమ్మద్ అలీల కన్నతల్లి ఆమె. కొడుకులు పిలిచే ఆ పిలుపునే దేశం కూడా అందుకుంది. గాంధీజీ సైతం ఆమెను బీ అమ్మ అనే అనేవారు.

పుట్టింది ఉత్తరప్రదేశ్‌లోని అమ్రోహాలో. 1857 నాటికి చిన్నపిల్ల. బడికి వెళ్ళి చదివిన చదువేమీ లేదు. రాంపూర్ సంస్థానంలో ఉద్యోగం చేసే అబ్దుల్ అలీ ఖాన్‌తో నిఖా అయింది. ఐదుగురు కొడుకులు, ఒక కూతురు. సంసారం సాఫీగా సాగుతుండగా 1880లో భర్త కన్నుమూశారు. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్ళ లోపే. చిన్నవాడు మహమ్మద్ అలీకి రెండేళ్ళు కూడా నిండలేదు.

మళ్ళీ పెళ్ళి చేసుకోమని బంధువులు చెప్పి చూశారు. ఇస్లాంలో దానికి అడ్డేమీ లేదు కూడా. ఆమె మాత్రం ఒప్పుకోలేదు. ఆరుగురు పిల్లల్ని ముందేసుకుని, వచ్చే కొద్దిపాటి ఆదాయంతో, పరదాలో ఉంటూనే ఇల్లు నడిపారు.

అసలు పరీక్ష పిల్లల చదువు దగ్గర వచ్చింది. ఇంగ్లిషు చదువు చదివితే బిడ్డలు దీన్‌కు దూరమైపోతారని ఆ రోజుల్లో చాలా ముస్లిం కుటుంబాల్లో గట్టి నమ్మకం. ఆస్తి వ్యవహారాలు చూసే మరిదిగారిదీ అదే అభిప్రాయం. ఒక కొడుకు విషయంలో ఎలాగో సర్దుకున్నారు గానీ, ఇంకొకణ్ణి కూడా బరేలీ ఇంగ్లిషు బడికి పంపుతానని ఆమె అనేసరికి డబ్బు ఇచ్చేది లేదని చెప్పేశారు.

బీ అమ్మ వాదన పెట్టుకోలేదు. తన నగలు తీసి ఇంట్లో పనిమనిషి చేతికిచ్చి, గుట్టుగా తాకట్టు పెట్టించారు. ఆ డబ్బుతోనే పిల్లవాడు బరేలీ వెళ్ళాడు. సంగతి తెలిశాక మరిదిగారు కూడా మెత్తబడక తప్పలేదు. కర్నూలులోనో పాతబస్తీలోనో కోచింగ్ ఫీజు కోసం గాజులు తాకట్టు పెట్టిన తల్లులకు ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ నగల విలువ తర్వాత తెలిసింది. షౌకత్ అలీ అలీగఢ్‌లో చదివి సర్కారీ కొలువులో చేరారు. మహమ్మద్ అలీ అలీగఢ్ నుంచి 1898లో ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్ళారు. తిరిగొచ్చి 1911లో కామ్రేడ్ అనే ఇంగ్లిషు పత్రిక, ఆ తర్వాత హమ్‌దర్ద్ అనే ఉర్దూ పత్రిక నడిపారు. తల్లి నగలు కుదువపెట్టి నేర్పించిన ఇంగ్లిషుతోనే కొడుకు ఇంగ్లిషు సర్కారును నిలదీశాడన్నమాట.

దాని ఫలితం అనుభవించాల్సి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1915లో, అన్నదమ్ములిద్దర్నీ నిర్బంధంలో పెట్టారు. చివరికి మధ్య పరగణాల్లోని ఛింద్వారాకు చేర్చారు. అరవై దాటిన వయసులో బీ అమ్మ కూడా వాళ్ళ వెంటే వెళ్ళి ఉన్నారు.

1917లో ప్రభుత్వం తరఫున ఒక అధికారి అక్కడికి ఒక కాగితం పట్టుకొచ్చాడు. చక్రవర్తి శత్రువులకు సాయపడే మాటా రాతా చేతా ఉండవని సంతకం చేస్తే విడిచిపెడతారట. ఇస్లాం పట్ల తమ బాధ్యతకు భంగం లేకుండా అనే షరతు చేర్చి సంతకం పెడతామన్నారు అన్నదమ్ములు. ఇదంతా బీ అమ్మ పరదా వెనక నుంచి వింటున్నారు. ఉండబట్టలేక బుర్ఖా వేసుకుని బయటికి వచ్చేశారు. తన కొడుకులు దీన్‌కు, దేశానికి విరుద్ధమైన దేనికైనా తలొగ్గితే, ఈ ముసలి చేతులకు అల్లాహ్ బలమిస్తాడని, వాళ్ళ గొంతు తానే నులిమేస్తానని ఆ అధికారి ముఖాన చెప్పారు. షరతు పెట్టిన సంతకాన్ని ప్రభుత్వం ఒప్పుకోలేదు. నిర్బంధం 1919 చివరిదాకా సాగింది.

ఏ తల్లికైనా బిడ్డలు ఇంటికి రావాలనే ఉంటుంది. బీ అమ్మకు లేదని ఎవరంటారు? ఆ బిడ్డల కోసమే కదా నగలు తీసిచ్చింది. అయినా తలవంచుకుని రావడం కంటే అక్కడే ఉండటం మేలనుకున్నారు.

అదే 1917 డిసెంబరులో కలకత్తాలో ముస్లిం లీగ్ సమావేశం జరిగింది. అధ్యక్షుడిగా ఎన్నికైన మహమ్మద్ అలీ నిర్బంధంలో ఉన్నారు. ఆయన బదులు తల్లి వచ్చారు. బుర్ఖాలోంచే వేలమంది మగవాళ్ళ ఎదుట మాట్లాడారు. అప్పట్లో ఒక ముస్లిం స్త్రీ అలా సభలో మాట్లాడటమే పెద్ద వింత.

తర్వాతి ఘట్టం మన తెలుగు నేల మీద జరిగింది. 1921 సెప్టెంబరు 14న గాంధీజీతో కలిసి మద్రాసు వైపు రైల్లో వెళుతున్న మహమ్మద్ అలీని వాల్తేరు స్టేషన్‌లో అరెస్టు చేశారు. భార్య అమ్జదీ బేగం పక్కనే ఉన్నారు. ఆమె కన్నీరు పెట్టుకుని వెనక్కి మళ్ళలేదు, గాంధీజీతో పాటు ప్రయాణం సాగించారు. అత్తగారి ఇంట్లో నేర్చుకున్న ధైర్యం అది. తర్వాత షౌకత్ అలీని కూడా పట్టుకున్నారు. కరాచీలో విచారణ జరిగింది. బ్రిటిష్ సైన్యంలో పనిచేయడం ముస్లింలకు తగదని తీర్మానించారన్న కేసులో ఇద్దరికీ రెండేళ్ళ కఠిన శిక్ష పడింది.

ఇద్దరు కొడుకులూ జైల్లో. డెబ్బైకి దగ్గరపడ్డ తల్లి ఇంట్లో కూర్చుని తస్బీహ్ తిప్పుకుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ ఆమె కోడల్ని వెంటబెట్టుకుని ఊరూరా తిరిగారు. ఖిలాఫత్, స్వరాజ్యం, ఖద్దరు, హిందూ ముస్లింల ఐక్యత గురించి చెప్పారు. విరాళాలు పోగుచేశారు. 1921 డిసెంబరులో అహ్మదాబాద్‌లో జరిగిన మహిళల మహాసభకు అధ్యక్షత వహించారు. పంజాబ్‌లో ఒక సభలో ముఖం మీది నఖాబ్ పైకెత్తేశారు. ఎదురుగా ఉన్నవాళ్ళంతా తన బిడ్డలే అయినప్పుడు తల్లికి పరదా దేనికన్నారు. జీవితమంతా పరదా పాటించిన మనిషి అన్న మాట అది.

ఇంత పేరొచ్చినా ఆమె ఇంటికి పెద్ద దిక్కే, మనవరాళ్ళకు దాదీయే. మహమ్మద్ అలీకి నలుగురూ ఆడపిల్లలు. ఆయన జైల్లో ఉండగానే వారిలో ఆమినాకు క్షయ పట్టుకుంది. 1923 ఆగస్టులో విడుదలైన తండ్రి జబ్బుపడ్డ కూతురి దగ్గరికి పరుగెత్తారు. ఆ డిసెంబరులోనే మన కాకినాడ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు. మరుసటి ఏడాది ఆమినా వెళ్ళిపోయింది. ఆ ముసలి వయసులో మనవరాలి జనాజా చూడాల్సి వచ్చింది.

ఆ 1924 అన్నివిధాలా బరువైన సంవత్సరం. మార్చిలో తుర్కీ ఖిలాఫత్‌ను రద్దు చేసింది. దేశంలో మతకలహాలు చెలరేగాయి. గాంధీజీ సెప్టెంబరులో ఢిల్లీలో మహమ్మద్ అలీ ఇంట్లోనే 21 రోజుల ఉపవాసం మొదలుపెట్టారు. బీ అమ్మ అప్పటికే మంచాన పడ్డారు. పలకరించడానికి వెళ్ళిన ప్రతిసారీ స్వరాజ్యం గురించి, ఐక్యత గురించే అడిగేవారని గాంధీజీ తర్వాత రాశారు.

నవంబరు 13న ఆమె తుదిశ్వాస విడిచారు. గాంధీజీ, సరోజినీ నాయుడు ఆ ఇంటికి వెళ్ళారు. జనాజా మీద కప్పే గుడ్డ ఖద్దరే కావాలని ఆమె ముందే చెప్పి ఉంచారు. అలాగే చేశారు.

స్వరాజ్యం చూడలేదు. కోరుకున్న ఐక్యత కళ్ళముందే బీటలు వారింది. ఆ లెక్కన చూస్తే చేతికి ఏమీ దక్కలేదనే అనిపిస్తుంది. కానీ కొడుకులు క్షమాపణ చెప్పుకుని నిర్బంధం నుంచి బయటపడలేదు. నగలు తాకట్టు పెట్టిన రోజు నుంచి ఆమె వాళ్ళ నుంచి ఆశించింది అదొక్కటే. అల్లాహ్ ఆమెకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక.