పిల్లల దగ్గర పాఠం నేర్చుకున్న మేష్టారు

గాజువాక దగ్గర ఒక బడికి వారానికి రెండు రోజులు సైకాలజిస్టుగా వెళ్ళేదాన్ని. ఒకరోజు ఆరో తరగతి పిల్లాణ్ణి నా దగ్గరికి పంపారు. సీతంపేట కొండల నుంచి స్టీల్ ప్లాంటు వైపు కాంట్రాక్టు పనికి వచ్చిన కుటుంబం. బడిలో చేరి నాలుగు నెలలైనా వాడు నోరు విప్పలేదట. పేరు పిలిస్తే తల దించుకుంటాడు, అంతే. నేను పద్ధతి ప్రకారం తెలివితేటల పరీక్ష పెట్టాను, తెలుగులోనే. మార్కులు మరీ తక్కువ వచ్చాయి. బుద్ధిమాంద్యం ఉందేమోనని రిపోర్టు రాసేశాను కూడా.

సాయంత్రం వాళ్ళమ్మ వచ్చింది. గేటు దాటారో లేదో, వాడు ఆమెతో గలగలా మాట్లాడేస్తున్నాడు! నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అది సవర భాష. లోపం వాడి బుర్రలో లేదు, నా పరీక్షలో ఉంది. సిగ్గేసింది. రిపోర్టు చింపేశాను. ఆ రాత్రి నాకు గుర్తొచ్చిన మనిషి గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు.

గిడుగు వారనగానే మనకు వ్యావహారిక భాషోద్యమం గుర్తొస్తుంది. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది ఆయన పుట్టినరోజునే. కానీ పిల్లలున్న ఇంట్లో చెప్పుకోవలసిన కథ అంతకుముందే మొదలైంది.

తండ్రి లేని కుర్రాడు

ఆయన 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు గారు రెవెన్యూ ఉద్యోగి. చోడవరం బదిలీ అయి వెళ్ళాక, 1875లో అక్కడే కన్నుమూశారు. అప్పటికి పిల్లవాడికి పన్నెండేళ్ళు. చదువు కోసం మన విశాఖపట్నం వచ్చి, మేనమామ గారింట్లో ఉంటూ మిషన్ హైస్కూల్లో చదివాడు. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యాడు. తండ్రి పోయి, కొత్త ఊళ్ళో బంధువుల ఇంట్లో ఉండి చదువుకునే పిల్లవాడి మనసు ఎలా ఉంటుందో నా ఉద్యోగంలో రోజూ చూస్తుంటాను. అలాంటి పిల్లల బాధ ఆయనకు పుస్తకాలు చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు.

1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మేష్టరుగా చేరారు. జీతం ముప్పై రూపాయలు. ప్రైవేటుగా చదువుకుని బి.ఏ. కూడా పూర్తి చేశారు.

సవర నేర్చిన పంతులు

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు. వాళ్ళ భాషకు లిపి లేదు, పుస్తకం లేదు, బడి లేదు. సంతకు దిగితే లెక్క తెలియక మోసపోవడమే. వాళ్ళ పిల్లలకు చదువు చెప్పాలనుకున్నారు రామమూర్తి గారు.

ఇక్కడే నాకు ఆయన గొప్పగా కనిపిస్తారు. ముందు పిల్లలకు తెలుగు నేర్పి, తర్వాత పాఠం మొదలుపెడదామని అనుకోలేదాయన. తనే సవర నేర్చుకోవడానికి కూర్చున్నారు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లోనే పెట్టుకుని, ఏళ్ళ తరబడి మాట వెనుక మాట రాసుకున్నారు. ఆ భాషలో వాచకాలు, కథలు, పాటలు తయారుచేశారు. సొంత డబ్బుతో బళ్ళు పెట్టి, మేష్టర్లకు జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలు అచ్చువేసి పారితోషికం ఇస్తామంటే, తనకు వద్దని, ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టమని అడిగారు.

పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే పిల్లల తెలివిని కొలిచే తొలి పరీక్ష తయారుచేసింది 1905లో. పిల్లల చదువు మొదట తల్లి భాషలో సాగడం మేలని యునెస్కో నివేదిక చెప్పింది 1953లో. మన పర్లాకిమిడి మేష్టారు ఆ పని అంతకు ఎన్నో ఏళ్ళ ముందే చేతల్లో చూపించారు.

చెవులు పోయినా

ఆ కొండల్లో మలేరియా ఎక్కువ. తిరిగి తిరిగి జ్వరం తెచ్చుకున్నారు. వేసుకున్న క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతింది. జీవితాంతం చెవుడు. ఎవరూ వినని పిల్లల మాట వినడానికి వెళ్ళిన మనిషి చెవులే పోగొట్టుకున్నారు! అయినా పని ఆపలేదు. సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి.

తెలుగు పిల్లల విషయంలోనూ ఆయన చూసింది ఇదే బాధ. ఇంట్లో ఒక తెలుగు, బడి పుస్తకంలో ఎవరూ మాట్లాడని ఇంకో తెలుగు. తప్పు వస్తుందేమోనన్న భయంతో పిల్లలు బట్టీ పట్టడం, లేదా నోరు మూసుకోవడం. అందుకే స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ దొర, విజయనగరంలో గురజాడ అప్పారావు గారు, విశాఖ మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, ఈయన కలిసి వాడుక భాష కోసం పట్టుబట్టారు. పండితులు మండిపడ్డారు. 1919లో ఆయన తెలుగు అనే పత్రిక నడిపారు. వాడుక భాష మన పాఠ్యపుస్తకాల్లో పూర్తిగా స్థిరపడింది మాత్రం ఆయన పోయిన చాలా ఏళ్ళకు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. ఒప్పుకోలేక, 72 ఏళ్ళ వయసులో ఆ ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. సవర భాష పనిని ఆయన కొడుకు సీతాపతి గారు కొనసాగించారు.

మన ఇంటి పిల్లలు

మళ్ళీ నా దగ్గరికొచ్చిన పిల్లాడి సంగతి. మర్నాడు పరీక్ష కాగితాలు పక్కనపెట్టి, ఖాళీ నోటు పుస్తకం తీశాను. బల్ల చూపించి, వాళ్ళ భాషలో ఏమంటారో సైగ చేసి అడిగాను. చాలాసేపటికి చెప్పాడు. నేను తిరిగి అన్నాను. తప్పు పలికాను కాబోలు, వాడు ఫక్కున నవ్వాడు. ఆ బడిలో వాడు నవ్వడం అదే మొదటిసారి! తర్వాత నన్ను దిద్దడం మొదలుపెట్టాడు. రెండు నెలల్లో తెలుగు మాటలు తనే అడిగి నేర్చుకున్నాడు. మాటలు అక్కర్లేని బొమ్మల పరీక్ష పెడితే, వయసుకు తగ్గ మార్కులే వచ్చాయి.

తర్వాత వాళ్ళ నాన్నకు అక్కడ పని అయిపోయి, ఊరు మారారు. ఇప్పుడే బడిలో ఉన్నాడో, అక్కడివాళ్ళు మళ్ళీ మొద్దు అన్నారేమో అని బెంగగానే ఉంటుంది. నోటు పుస్తకం మాత్రం నా బ్యాగులోనే ఉంది.

మీ బాబో పాపో, పక్కింటి పిల్లో బడిలో మాట్లాడటం లేదంటే కంగారుపడి పేరు పెట్టకండి. ముందు చెవులు పరీక్ష చేయించండి. ఇంట్లో ఎలా మాట్లాడుతున్నారో గమనించి టీచరుకు చెప్పండి. ఇంట్లో ధారాళంగా మాట్లాడే పిల్లలు బడిలో సర్దుకున్న తర్వాత కూడా నెలల తరబడి పెదవి కదపకపోతే సైకాలజిస్టుకు చూపించండి. వాళ్ళ యాసను వెక్కిరించకండి, వెక్కిరించనివ్వకండి. మన ఉత్తరాంధ్ర పిల్లలు ఏటి అంటే నవ్వేవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు కదా! ఆ నవ్వుకు భయపడి మూతపడిన నోళ్ళు ఎన్నో నేను చూశాను.

ఇప్పుడు నా దగ్గరికి ఏ పిల్ల వచ్చినా నేను మొదట అడిగేది మార్కులు కాదు, ఇంట్లో అమ్మతో ఏ భాషలో మాట్లాడతావని.