అళియ రామరాయలు: మైనరు తీరని చక్రవర్తి కథ

అళియ రామరాయలు అనగానే మనకు గుర్తొచ్చేది ఒక్కటే. 1565, తళ్ళికోట యుద్ధం, తెగిపడిన తల. పోటీ పరీక్షల బిట్లలోనూ ఇంతే ఉంటుంది. నాకు మాత్రం ఆ యుద్ధం కంటే దానికి ముందు నడిచిన 22 ఏళ్ళే ఎక్కువ భయం పుట్టిస్తాయి. ఎందుకంటే అది తండ్రి అండ లేని ఇద్దరు పిల్లల కథ, వాళ్ళను చూసుకుంటామని ముందుకొచ్చిన ఇద్దరు పెద్దమనుషుల కథ. ఓటీటీలో వచ్చే సస్పెన్స్ థ్రిల్లర్లు దీని ముందు చప్పగా ఉంటాయి.

రామరాయలు మనకు దూరపువాడేం కాదు. ఆయనది ఆరవీటి వంశం. తాత కాలం నుంచే వాళ్ళకు అవుకు మీద, కందనవోలు మీద పట్టు ఉండేది. కందనవోలు అంటే మా కర్నూలే. శ్రీకృష్ణదేవరాయల కూతురు తిరుమలాంబను పెళ్ళి చేసుకోవడంతో 'అళియ' అనే మాట పేరులో చేరిపోయింది. కన్నడంలో అళియ అంటే అల్లుడు. అంటే ఆయన సింహాసనానికి బంధువే గానీ వారసుడు కాదు. కథంతా ఈ ఒక్క ముక్క మీదే తిరుగుతుంది.

ఆ సింహాసనం పిల్లలకు అచ్చిరాలేదు. 1524లో కృష్ణదేవరాయలు తన చిన్న కొడుకు తిరుమలకు పట్టాభిషేకం చేయించాడు. కొన్ని నెలలకే ఆ పిల్లాడు చనిపోయాడు. విషం పెట్టారని అనుమానం, నింద మహామంత్రి తిమ్మరుసు ఇంటి మీద పడింది. 1529లో రాయలు పోయేనాటికి ఉన్న ఇంకో కొడుకుకు ఏడాదిన్నర వయసని పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాశాడు. రాజ్యం ఆ పసివాడికి రాలేదు. చంద్రగిరి కోటలో ఉన్న రాయల తమ్ముడు అచ్యుతరాయలు వచ్చి రాజయ్యాడు. మన కొండారెడ్డి బురుజు కట్టించింది ఈయనేనని చెబుతారు.

1542లో అచ్యుతరాయలు చనిపోయాడు. కొడుకు వెంకటుడు ఇంకా చిన్నవాడు. పేరుకు అతనే రాజు, పెత్తనం మాత్రం మేనమామ సలకరాజు తిరుమలది. (ఈ కథలో తిరుమలలు ముగ్గురున్నారు. కోడింగ్‌లో ఒకే పేరుతో మూడు వేరియబుల్స్ పెట్టినట్టే, కాస్త జాగ్రత్తగా చదవండి.) మన వైపు మేనమామ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. చెవులు కుట్టించేటప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకునేది ఆయనే, పెళ్ళిలో ముందుండేదీ ఆయనే. అలాంటి మేనమామ చేతిలో బిడ్డ ఉంటే తల్లి నిశ్చింతగా ఉండాలి. కానీ తల్లి వరదాంబికకు సొంత అన్నదమ్ముడి మీదే నమ్మకం పోయింది. కొడుకును కాపాడమని బిజాపూర్ ఆదిల్ షాకు కబురు పంపింది. శత్రువు దయ తమ్ముడి ప్రేమ కంటే నయం అనిపించేంతగా ఆమె ఏం చూసి ఉంటుందో! ఆదిల్ షా బయలుదేరాడు కూడా. దారిలోనే సలకరాజు డబ్బు ముట్టజెప్పి వెనక్కి పంపేశాడు. తర్వాత మేనల్లుడిని చంపించాడు, రాజవంశంలో అడ్డొస్తారనుకున్న వాళ్ళందరినీ చంపించాడు.

ఒక్కడు మిగిలాడు. అచ్యుతరాయల అన్నదమ్ముల్లో ఒకడైన రంగరాయల కొడుకు సదాశివుడు. గుత్తి కోటలో బందీగా ఉన్నాడు. ఇంకా మైనరే.

ఇక్కడ రామరాయలు రంగంలోకి దిగుతాడు. గుత్తిలో సదాశివుడిని విడిపించి, రాజ్యానికి అసలు వారసుడు ఇతనేనని ప్రకటించాడు. పెనుగొండను ఆసరా చేసుకుని సీమ కోటల మీదుగా సలకరాజుతో పోరాడి గెలిచాడు. సలకరాజును రామరాయలే చంపాడని కొందరంటారు. ఓటమి ఖాయమని తెలిశాక సలకరాజు ఏనుగుల కళ్ళు పొడిపించి, రత్నాలు తిరగళ్ళలో వేసి పిండి చేయించి, తనను తానే పొడుచుకుని చచ్చాడని ఫెరిష్తా రాశాడు. ఏదైతేనేం, 1543 నాటికి సదాశివరాయలు విజయనగర చక్రవర్తి.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి. పిల్లవాడు బతికాడు, చెడ్డ గార్డియన్ పోయాడు, మంచి గార్డియన్ వచ్చాడు.

నిజంగానే రామరాయలు సమర్థుడు. చెదిరిన రాజ్యాన్ని మళ్ళీ నిలబెట్టాడు. అయితే ఎక్కడ చూసినా తన వాళ్ళనే పెట్టాడు. తమ్ముళ్ళు తిరుమల, వేంకటాద్రి కుడి ఎడమ భుజాలు. గండికోట బంధువులైన నంద్యాల రాజుల చేతిలో ఉంది. ఆ కాలపు శాసనాలు కర్నూలు, కడప పల్లెల్లో ఇప్పటికీ చాలా ఉన్నాయి. పైన పెద్ద బిరుదులతో సదాశివరాయల పేరు, కింద అసలు పని చేసిన వాళ్ళ పేర్లు. అకౌంట్ సదాశివుడిది, పాస్‌వర్డ్ రామరాయలది.

ఇందులో నాకు బాగా నచ్చిన ఉదాహరణ మంగలి కొండోజుది. రామరాయలకు గడ్డం చక్కగా చేసి మెప్పించి, తన వృత్తి వాళ్ళందరికీ పన్నులు మాఫీ చేయించాడు. ఆ మాఫీ శాసనాలు సీమలో, కర్ణాటకలో చాలా చోట్ల దొరికాయి. రాజు సదాశివుడే, కానీ ఎవరి గడ్డం దగ్గర పని జరుగుతుందో కొండోజుకు బాగా తెలుసు.

కావ్యాలూ అదే దారి పట్టాయి. రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చింది తమ్ముడు తిరుమలరాయలకు, నరసభూపాలీయాన్ని మేనల్లుడు నరసరాజుకు. పింగళి సూరన కళాపూర్ణోదయం నంద్యాల కృష్ణరాజుకు. కవులకు కూడా అడ్రస్ తెలుసు.

మా ఊళ్ళల్లో తండ్రి పోయిన పిల్లల పొలం గురించి ఒక మాట వినిపిస్తుంది, మైనరు తీరాక చూద్దాం అని. చిన్నాయనో మామో అంతవరకు సాగు చేస్తాడు. పిల్లోడికి వయసొచ్చిన రోజే ఆయన బుద్ధి బయటపడేది. సదాశివుడికీ ఆ రోజు వచ్చింది. 1550 ప్రాంతంలో, రాజ్యం చూసుకోగల వయసుకు వచ్చిన చక్రవర్తిని రామరాయలు కాపలాలో పెట్టేశాడు. ఏడాదికి ఒక్కసారి మాత్రం జనానికి చూపించేవారు, రాజు బతికే ఉన్నాడని నమ్మకం కలిగించడానికి. గుత్తి చెర నుంచి విడిపించిన చేతులే ఇంకో చెర కట్టాయి. ఈసారి గోడలు బంగారువి, అంతే తేడా.

అదే కాలంలో రామరాయలు ఇంకో కుర్రాడికీ నీడనిచ్చాడు. 1543లో అన్న జంషీద్‌కు భయపడి పారిపోయి వచ్చిన గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా. విజయనగరంలో ఏడేళ్ళు గౌరవంగా ఉన్నాడు, 1550లో తిరిగి వెళ్ళి తన గద్దె తాను ఎక్కాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలిచింది ఇతన్నే. పరాయి రాజ్యపు పిల్లవాణ్ణి పోనిచ్చి, సొంత రాజును పోనివ్వలేదు. ఎందుకంటే ఇబ్రహీం కుర్చీ గోల్కొండలో ఉంది, సదాశివుడి కుర్చీలో తనే కూర్చున్నాడు.

1565 జనవరిలో నలుగురు సుల్తానులు ఒక్కటై వచ్చారు. వాళ్ళలో ఆ ఇబ్రహీం కూడా ఉన్నాడు. దాదాపు 80 ఏళ్ళ ముసలితనంలో రామరాయలు యుద్ధానికి తానే వెళ్ళాడు, అహ్మద్‌నగర్ హుసేన్ నిజాం షా చేతికి చిక్కి తల పోగొట్టుకున్నాడు. తమ్ముడు తిరుమల వెనక్కి పరుగున వచ్చి, ఖజానాను ఏనుగుల మీద ఎక్కించి, సదాశివుడిని కూడా వెంటబెట్టుకుని పెనుగొండకు పారిపోయాడు. నాకు గుండె బరువెక్కేది ఇక్కడే. కాపలాదారు చచ్చినా ఖైదీకి విడుదల లేదు. ఖజానాతో పాటు అతన్నీ సామానులా సర్దారు. అవసరం తీరలేదు కదా, రాజముద్ర అతనిదే.

1567లో విజయనగరంలో ఏడు నెలలున్న వెనీస్ వ్యాపారి సీజర్ ఫ్రెడరిక్, తిరుమల కొడుకే ఆ రాజును చంపాడని రాశాడు. ఆ తర్వాత కూడా సదాశివుడి పేరుతో శాసనాలు వెలిశాయి. మనిషి ఉన్నాడో లేడో తెలియకుండా పేరు మాత్రం పని చేస్తూనే ఉంది. 1570 ప్రాంతంలో తిరుమల తానే కిరీటం పెట్టుకున్నాడు.

రామరాయలు విలనా? సలకరాజు పక్కన నిలబెడితే దేవుడిలా కనిపిస్తాడు. ఒకడు పిల్లవాణ్ణి చంపాడు, ఇంకొకడు బతికించాడు. ఆ తేడా చిన్నది కాదు. కానీ గార్డియన్‌కు అసలు పరీక్ష కాపాడిన రోజున ఉండదు, తిరిగి అప్పజెప్పాల్సిన రోజున ఉంటుంది. యుద్ధాలెన్నో గెలిచిన రామరాయలు ఆ ఒక్క పరీక్షకు కూర్చోనేలేదు.

మీ ఊరి గుళ్ళో పాత శాసనం ఉంటే ఒకసారి దగ్గరికెళ్ళి చూడండి. సదాశివరాయలని పేరు కనిపిస్తే కాసేపు ఆగండి. ఆ రాయి చెక్కిన రోజున ఆ చక్రవర్తికి గది తలుపు తీసుకునే అధికారం కూడా ఉండకపోవచ్చు.